వేడెక్కితే మొరాయించే కారు

"పొద్దున ఆరింటికి తాళం తిప్పితే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. పెట్రోలు పోయించుకుని ఐదు నిమిషాల్లో మళ్ళీ తిప్పినా అందుకుంటుంది. మధ్యాహ్నం ఎండలో ముప్పై కిలోమీటర్లు నడిపి, ఎక్కడైనా అరగంట ఆపి, తిరిగి తాళం తిప్పితే మాత్రం సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజన్ అందుకోదు. పొద్దుగూకి చల్లబడ్డాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది."

కిందటి ఏప్రిల్‌లో మా ఎనిమిదో తరగతి అమ్మాయి "మా ఇంట్లో ఒక సమస్య" అనే వ్యాసంలో రాసిన వాక్యాలివి. అక్షరదోషాలు మేము సరిదిద్దాం. విషయం ఆమెదే.

మేము అంటే, రాజస్థాన్ ఎడారి అంచున ఉన్న ఒక బడిలో వారానికి మూడు రోజులు చివరి పీరియడ్‌లో తెలుగు నేర్చుకునే పంతొమ్మిది మంది పిల్లలు, వాళ్ళకు చెప్పే మాస్టారు. మీలో చాలామందికి ఇలాంటి తరగతి తెలిసే ఉంటుంది. ఇంట్లో తెలుగు ధారాళంగా మాట్లాడతారు, పలక మీద 'ఋ' రాయమంటే పైకప్పు వైపు చూస్తారు. ఆ అమ్మాయి ఒకటో తరగతి అస్సాంలో, మూడోది పంజాబ్‌లో చదివింది. పూర్తిగా ఒక పేజీ తెలుగు రాయడం ఆమెకు అదే మొదటిసారి. అందుకే చదువుతుంటే మేమంతా శ్రద్ధగా విన్నాం. చివరి వాక్యం దగ్గర తరగతి నిశ్శబ్దమైపోయింది: "జూన్‌లోపు ఈ కారు బాగుపడకపోతే నాన్న పాత ఇనుప సామాన్లవాళ్ళకు ఇచ్చేస్తారు."

కారు ఆమె తాతగారిది. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. చాలా ఏళ్ళ కిందట ఢిల్లీలో ఎవరో విదేశీయులు వాడి అమ్మేసిన కారును కొన్నారు. 1980లో జర్మనీలో తయారైంది. కూతురి ఇంటికి వచ్చి ఉంటున్నప్పటి నుంచి ప్రతి బదిలీకీ ఆ కారు కూడా వెంట వస్తోంది. మార్చి చివర్లో ఒక మధ్యాహ్నం తాతామనవరాళ్ళిద్దరూ హైవే మీద ఒక గుడి దగ్గర ఆగారు. తిరిగి బయల్దేరబోతే కారు కదల్లేదు. చెట్టు లేదు, నీడ లేదు. గంట దాటాక తాతగారికి కళ్ళు తిరిగాయి. ఎవరో లారీవాళ్ళు ఆగి నీళ్ళిచ్చారు. ఆ రోజు నుంచి అల్లుడుగారు ఒకటే మాట మీద ఉన్నారు. జూన్‌లో బదిలీ ఖాయం, ఈసారి కారు వెంట రాదు.

వ్యాసం పూర్తికాగానే తరగతి మొత్తం డాక్టరైపోయింది. బ్యాటరీ అని ఒకరు, పెట్రోలులో కల్తీ అని ఒకరు, ప్లగ్గులు మార్చాలని ఇంకొకరు, "మా నాన్న స్కూటరుకీ ఇంతే, కార్బొరేటర్ కడిగారు" అని మరొకరు. ఈ కారులో కార్బొరేటరే లేదని తెలిశాక కూడా కడగమనే సలహా ఆగలేదు. అంతకుముందు తాతగారు చూపించిన గ్యారేజీల్లోనూ జరిగింది ఇదేనట. ఒకచోట బ్యాటరీ కొత్తది వేశారు, ఒకచోట ప్లగ్గులు మార్చారు. కారు మాత్రం మారలేదు.

ఆ వారం మా పాఠం అసమాపక క్రియలు. "వానలు పడితే పంటలు పండుతాయి" అన్నది చేదర్థకం. ఒకటి జరిగితే ఇంకొకటి జరుగుతుందని చెబుతుంది. "వానలు పడినా పంటలు పండలేదు" అన్నది అప్యర్థకం. జరగాల్సిన కారణం జరిగినా ఫలితం రాలేదని చెబుతుంది. పుస్తకంలో ఉదాహరణలు ఎప్పుడూ వానలు, పంటలే. ఎడారిలో కూర్చుని ఎంతకాలం వానల గురించి చెప్పుకుంటాం? అందుకని బోర్డు మీద కారు గురించి రాయమన్నాం. షరతు ఒక్కటే. "బ్యాటరీ పోయింది" అని ఎవరూ రాయకూడదు. "బ్యాటరీ పోయి ఉంటే..." అని మొదలుపెట్టి వాక్యం పూర్తిచెయ్యాలి.

పూర్తిచెయ్యబోతే తెలిసింది. "బ్యాటరీ పోయి ఉంటే సెల్ఫ్ నెమ్మదిగా తిరుగుతుంది." అమ్మాయిని అడిగాం, నెమ్మదిగా తిరుగుతుందా? లేదు, చురుగ్గానే తిరుగుతుంది. పైగా "బ్యాటరీ మార్చినా స్టార్ట్ కాలేదు" అని తాతగారి బిల్లే చెబుతోంది. "పెట్రోలు కల్తీ అయి ఉంటే పొద్దున కూడా మొరాయిస్తుంది." పొద్దున మొరాయించడం లేదు. చేదర్థకం ఒక అనుమానాన్ని నిలబెడుతుంది, అప్యర్థకం దాన్ని కొట్టేస్తుంది. ఈ మాట ఏ వ్యాకరణ పుస్తకంలోనూ లేదు, బోర్డు ముందు నిలబడి కనుక్కున్నాం.

దాంతో మిగిలిన ప్రశ్న ఒకటే. ఏం పాడైందని కాదు, ఎప్పుడు పాడవుతోందని. మరుసటి రోజు నుంచి తాతగారి చేతికి ఒక నోటుపుస్తకం ఇచ్చాం. ఎంత దూరం నడిపారు, ఎన్నింటికి ఆపారు, ఎన్నింటికి మళ్ళీ తిప్పారు, బయట ఎండ ఎంత, ఎన్ని సెల్ఫ్‌లకు అందుకుంది. ఊళ్ళోనే తిప్పమని, హైవే జోలికి వెళ్ళొద్దని గట్టిగా చెప్పాం. రెండు వారాలు ఆయన రాశారు, మనవరాలు ప్రతి తెలుగు పీరియడ్‌లో చదివి వినిపించింది. ఆపిన ఐదు నిమిషాల్లోపు తిప్పితే ఎప్పుడూ ఇబ్బంది లేదు. ఇరవై నిమిషాల నుంచి దాదాపు గంట దాకా ఇబ్బందే. మూడు గంటలు దాటితే మళ్ళీ ఒక్క సెల్ఫ్. బయట 30 డిగ్రీలున్న పొద్దుటిపూటల్లో ఈ గొడవ దాదాపు లేదు, 40 దాటాక తప్పడం లేదు.

ఈ అంకెలు ఏం చెబుతున్నాయో తెలియాలంటే కారు లోపలికి వెళ్ళాలి.

పాత కార్లలో పెట్రోలును గాలితో కలిపేది కార్బొరేటర్. గాలి వేగంగా పోతూ పెట్రోలును పీల్చుకుపోతుంది. ఇంజెక్షన్ కార్లలో పెట్రోలును ఒత్తిడితో చిమ్ముతారు. జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1967లో డి-జెట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ పద్ధతిని ఫోక్స్‌వాగన్ 1600 కారులో తెచ్చింది. 1973లో కె-జెట్రానిక్ వచ్చింది, మొదట పోర్షే 911టీ లో. తర్వాత గోల్ఫ్ జీటీఐ, వోల్వో 240 లాంటి ఎన్నో యూరపు కార్లకు అదే. 'కె' అంటే జర్మన్‌లో 'నిరంతరం' అనే మాటకు మొదటి అక్షరం. మన దేశంలో మారుతి 800కి ఇంజెక్షన్ 2000 ప్రాంతంలో గానీ రాలేదు. అంటే తాతగారి కారు మన రోడ్ల మీదికి వచ్చేనాటికి దాని లోపలి పద్ధతి ఇక్కడి మెకానిక్కుల్లో చాలామందికి కొత్త.

ఈ కె-జెట్రానిక్‌లో కంప్యూటర్ లేదు. అందుకే అది పిల్లలకు చెప్పడానికి బాగుంటుంది, బొమ్మ గీసి చూపించవచ్చు. గాలి లోపలికి పోయే దారిలో ఒక గుండ్రటి పళ్ళెం ఉంటుంది. ఇంజన్ ఎంత గాలి పీలిస్తే పళ్ళెం అంత పైకి లేస్తుంది. అది లేస్తే దానికున్న మీట పెట్రోలు పంపిణీ పెట్టెలోని చిన్న కడ్డీని పైకి తోస్తుంది. కడ్డీ లేచినకొద్దీ పెట్రోలుకు దారి పెరుగుతుంది. అక్కడి నుంచి ఒక్కో సిలిండర్‌కు ఒక్కో సన్నటి గొట్టం, దాని చివర ఒక ఇంజెక్టర్. ఈ ఇంజెక్టర్‌కు కరెంటు తీగలుండవు. లోపల స్ప్రింగుతో మూసుకున్న కవాటం ఉంటుంది. పెట్రోలు ఒత్తిడి సుమారు మూడున్నర బార్ దాటితే తెరుచుకుంటుంది, తగ్గితే మూసుకుంటుంది. ఒక బార్ అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు సమానం. వెనక ట్యాంకు దగ్గర కారు కింద ఉన్న కరెంటు పంపు పెట్రోలును సుమారు ఐదు బార్‌లతో ముందుకు తోస్తుంది. ఇంజన్ వాడుకోగా మిగిలింది ఇంకో గొట్టంలో తిరిగి ట్యాంకులోకి వచ్చేస్తుంది.

ఇప్పుడు ఇంజన్ ఆపేశామనుకోండి. నీళ్ళు తిరగడం ఆగిపోతుంది, ఎదురుగాలి ఉండదు. ఇంజన్‌లో ఉన్న వేడి ఎక్కడికీ పోలేక బానెట్ కిందున్న అన్నింటినీ కాలుస్తుంది. అంటే ఆపిన వెంటనే కాదు, ఆపిన ఇరవై ముప్పై నిమిషాలకు పెట్రోలు గొట్టాలు బాగా వేడెక్కుతాయి. నోటుపుస్తకంలో ఐదు నిమిషాలకు ఇబ్బంది లేకపోవడం, అరగంటకు ఉండటం ఇక్కడ కలుస్తాయి.

నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుందని మీకు తెలుసు. పెట్రోలు అలా ఒకే పదార్థం కాదు, చాలా ద్రవాల మిశ్రమం. అందులో తేలికైనవి 35, 40 డిగ్రీలకే మరగడం మొదలుపెడతాయి, బరువైనవి 200 దాకా ఆగుతాయి. బయటే 43 ఉన్న ఊళ్ళో, 90 డిగ్రీల ఇంజన్‌ను ఆనుకున్న గొట్టంలో పెట్రోలు మరగక ఏం చేస్తుంది? ఆవిరి అయిపోతుంది. ఆవిరిని నొక్కితే నలుగుతుంది, కుదించుకుపోతుంది. పంపు ఎంత తోసినా ఇంజెక్టర్ దగ్గర చిమ్మడానికి చాలినంత ద్రవం ఉండదు. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు.

మరైతే ఈ కార్లన్నీ వేసవిలో ఆగిపోవాలి కదా అని ఏడో తరగతి పిల్లవాడు అడిగాడు. మంచి ప్రశ్న. దానికి జవాబు మన వంటింట్లో ఉంది. ప్రెషర్ కుక్కర్‌లో నీళ్ళు 100 దగ్గర మరగవు, దాదాపు 120 దాకా ఆగుతాయి. పైన ఒత్తిడి ఉంటే మరుగుస్థానం పెరుగుతుంది. ఈ కారు తయారుచేసినవాళ్ళు చేసింది కూడా అదే. ఇంజన్ ఆపాక గొట్టాల్లో ఒత్తిడి సున్నాకు పడిపోకుండా కట్టేశారు. ఇంజెక్టర్ తెరుచుకునే మూడున్నర బార్ కన్నా కాస్త కిందికి దిగి అక్కడే నిలబడుతుంది. ఇంజెక్టర్లు కారవు, పెట్రోలు మరగదు. ఆ ఒత్తిడిని అలా పట్టి ఉంచేవి ముఖ్యంగా రెండు. పంపు నోటి దగ్గర ఒక కవాటం. మన గుండెలో కవాటాల్లాగే ఒకవైపే పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. రెండోది అక్యుములేటర్ అనే ఇనుప డబ్బా. దాని మధ్యలో రబ్బరు పొర, ఒకవైపు పెట్రోలు, ఇంకోవైపు గట్టి స్ప్రింగు. పంపు నడిచేటప్పుడు పెట్రోలు పొరను తోసి స్ప్రింగును నొక్కుతుంది. పంపు ఆగాక స్ప్రింగు పొరను వెనక్కి తోస్తూ గొట్టంలో ఒత్తిడి నిలుపుతుంది.

దీనికి తెలుగు పేరు పెట్టాలని మా తరగతిలో పెద్ద పంచాయతీ జరిగింది. రోజూ కొంచెం కొంచెం దాచి, అవసరానికి తీసుకుంటాం కాబట్టి 'గురిగి' అన్నాడు కరీంనగర్ పిల్లవాడు. వాళ్ళ ఊళ్ళో పైసలు దాచుకునే మట్టిముంత పేరు అది. శ్రీకాకుళం అమ్మాయి ఆ మాట ఎన్నడూ వినలేదు, 'ముంత' అంటే చాలంది. ఓట్లు వేశాం. గురిగి గెలిచింది. ఇక్కడి నుంచి మేమూ గురిగి అనే అంటాం.

తాతగారికి ఈ ఆవిరి మాట కొత్తకాదు. "మాస్టారూ, అంబాసిడర్‌కి ఇదే రోగం ఉండేదండీ. పంపు మీద తడిగుడ్డ వేస్తే దారికొచ్చేది" అన్నారు. నిజమే, ఆ రోజుల్లో వేసవి ప్రయాణమంటే డ్రైవర్ సీటు కింద ఒక గుడ్డ, ఒక నీళ్ళసీసా ఉండేవి. ఆయన ఈ కారుకీ అదే చేస్తున్నారు, పనిచేస్తోందని కూడా నమ్ముతున్నారు. పెద్దాయనను కాదనలేక పరీక్ష పెట్టాం. రెండు మధ్యాహ్నాలు గుడ్డ వేసి, రెండు మధ్యాహ్నాలు వెయ్యకుండా చూడమన్నాం. నాలుగుసార్లూ గంటంబావు దగ్గరే అందుకుంది. అంటే పనిచేసింది గుడ్డ కాదు, గుడ్డ తడుపుతూ ఆయన గడిపిన సమయం.

అంబాసిడర్‌కు మరి ఎందుకు పనిచేసేది? అందులో పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది, వెనక ట్యాంకు నుంచి పెట్రోలును పీలుస్తుంది. పీల్చేచోట ఒత్తిడి బయటి గాలి కన్నా తగ్గుతుంది, కుక్కర్‌కు సరిగ్గా ఎదురు. పెట్రోలు ఇంకా తొందరగా మరుగుతుంది, అదీ పంపులోనే. గుడ్డ నేరుగా రోగం మీద పడేది. ఈ కారులో పంపు వెనక చల్లటిచోట ఉంది, ఆవిరి ముందు ఇంజెక్టర్ల గొట్టాల్లో ఉంది. తాతగారు ఇది విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఇన్నాళ్ళూ మంచినీళ్ళు దండగ చేశానన్నమాట" అని నవ్వారు.

ఇంత అనుకున్నా ఇది ఇంకా ఊహే. పట్టణంలో ఒక పాత మెకానిక్ ఉన్నారు, అందరూ ఉస్తాద్‌జీ అంటారు. ఈ పద్ధతి కారు ఆయన ఇదివరకు ఒక్కటి మాత్రమే చూశారు, కానీ ఓపిక ఉన్న మనిషి. ఒక శనివారం ఆయన గ్యారేజీకి వెళ్ళాం. పిల్లలంతా గీత అవతల, నీడలో. పెట్రోలు ఐదు బార్ ఒత్తిడితో ఉంటుంది, సన్నటి చిల్లున్నా పొగమంచులా చిమ్ముతుంది, వేడి ఇంజన్ పక్కనే. నిప్పార్పే సిలిండర్ చేతికందే దూరంలో పెట్టించాం. మీరెవరైనా ఇది చదివి ఇంట్లో కారు గొట్టాలు ఊడదీయాలనుకుంటే, వద్దు. ఈ పని చేయి తిరిగినవాళ్ళు చెయ్యాలి, మనం చూసి రాసుకోవాలి.

ఎండలో తిప్పి, ఆపి, అరగంట కూర్చున్నాం. కారు అనుకున్నట్టే మొరాయించింది. అందరికీ సంతోషం! రోగం డాక్టరు ముందు కనబడకపోతే ఎంత ఇబ్బందో తెలుసు కదా.

ఉస్తాద్‌జీ మొదట నిప్పురవ్వ చూశారు. బాగుంది. వేడెక్కితే కాయిల్ చచ్చిపోయే కార్లూ ఉన్నాయి, ఇది వాటిలో కాదు. తర్వాత ఒక ప్లగ్గు ఊడదీసి వేలితో తుడిచారు. పొడిగా ఉంది. ఈ పొడితనం చాలా పెద్ద సాక్ష్యం. వేడి మీద అందుకోకపోవడానికి పూర్తిగా వ్యతిరేకమైన రెండు కారణాలుంటాయి. పెట్రోలు అందకపోవడం ఒకటి, ఎక్కువైపోవడం ఇంకొకటి. ఇంజెక్టర్లు కారుతుంటే ఆపిన అరగంటలో సిలిండర్ నోళ్ళన్నీ తడిసిపోతాయి. అప్పుడు ప్లగ్గు తడిగా ఉంటుంది, పెట్రోలు వాసన కొడుతుంది, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే నల్లపొగతో అందుకుంటుంది. బయటి నుంచి చూస్తే రెండూ ఒకటే. సెల్ఫ్ తిరుగుతుంది, బండి కదలదు. మందు మాత్రం ఒకదానికి ఒకటి విషం.

తర్వాతి పరీక్ష మాకు అన్నిటికన్నా నచ్చింది. ఈ కార్లలో పంపు ఇంజన్ తిరిగేటప్పుడే నడిచేలా ఒక రిలే ఉంటుంది. ప్రమాదంలో ఇంజన్ ఆగిపోతే పెట్రోలు పారకుండా ఆ ఏర్పాటు. ఉస్తాద్‌జీ ఆ రిలే తీసి, దాని గూట్లో రెండు గుంతలను ఫ్యూజు ఉన్న తీగతో కలిపారు. ఇంజన్ తిరగడంలేదు, పంపు మాత్రం వెనక నుంచి సన్నగా మోగుతోంది. పిల్లలు గట్టిగా ముప్పై లెక్కపెట్టారు. ఆవిరి తిరుగు గొట్టంలోంచి ట్యాంకులోకి పోయి, దాని చోట చల్లటి పెట్రోలు వచ్చింది. తీగ తీసి, రిలే పెట్టి, తాళం తిప్పారు. ఒక్క సెల్ఫ్!

"వేడిగా ఉన్నా పంపు ముందే నడిస్తే స్టార్ట్ అయింది." బోర్డు లేకపోయినా అమ్మాయి ఆ వాక్యం అక్కడే నోటుపుస్తకంలో రాసింది. అప్యర్థకం, చేదర్థకం రెండూ ఒకే వాక్యంలో.

ఇక ఒత్తిడి మీటరు. గొట్టానికి కలిపి ఇంజన్ నడిపితే ముల్లు ఐదు దగ్గర స్థిరంగా ఉంది. ఆపగానే మూడు దగ్గరికి దిగింది. అక్కడ ఆగాలి. ఆగలేదు. మేము చూస్తుండగానే నాలుగైదు నిమిషాల్లో సున్నాకు చేరింది. ఎక్కడో కారుతోంది, కానీ బయట ఒక్క చుక్క లేదు.

ఇక్కడ మేము తప్పు చేశాం. ఉస్తాద్‌జీ ముందు వైపు తిరుగు గొట్టాన్ని బిగించి చూశారు, ముల్లు అలాగే పడింది. అంటే పంపిణీ పెట్టెలోంచి పోవడం లేదు. మిగిలింది వెనక ఉన్న కవాటం, గురిగి. ఆ రెంటినీ విడదీసి చూసే పరీక్ష ఇంకొకటి మిగిలే ఉంది. అయితే పొద్దుపోయింది, బస్సు ఎదురుచూస్తోంది. కవాటం చిన్నది, గురిగి కన్నా ధర తక్కువ, ఢిల్లీలో వెంటనే దొరుకుతుంది. "కవాటమే అయి ఉంటుంది" అన్నాం. "అయి ఉంటే..." అని వాక్యం పూర్తిచెయ్యలేదు. అంతకుముందు రెండు వారాలు పిల్లలకు నేర్పింది ఆ ఒక్క శనివారం సాయంత్రం మేమే మర్చిపోయాం. తక్కువ ధరకు దొరుకుతోందని అనుమానితుణ్ణి దోషిని చేశాం. తాతగారు పెన్షన్ డబ్బులోంచి కవాటం తెప్పించారు, వేయించారు.

సోమవారం అమ్మాయి లేచి చదివింది: "కవాటం మార్చినా ఒత్తిడి నిలవలేదు." ఆ వాక్యానికి మార్కులు పూర్తిగా వేశాం. తలెత్తి ఆమె ముఖం చూడటం మాత్రం కష్టమైంది. బదిలీ ఉత్తర్వు కూడా ఆ వారమే వచ్చింది, నాగపూర్‌కు. ఇనుప సామాన్లవాళ్ళు ఒకసారి వచ్చి కారు చుట్టూ తిరిగి వెళ్ళారట.

ఏప్రిల్ చివరి శనివారం మళ్ళీ వెళ్ళాం. ఈసారి తొందరపడలేదు. గురిగికి వెనకవైపు, స్ప్రింగు ఉన్న వైపు, ఒక సన్నటి గొట్టం ట్యాంకుకు పోతుంది. రబ్బరు పొర బాగుంటే ఆ వైపు పొడిగా ఉండాలి, పెట్రోలు రెండోవైపే ఉండాలి. ఉస్తాద్‌జీ ఆ గొట్టం ఊడదీసి కింద డబ్బా పెట్టి పంపు నడిపించారు. చుక్క చుక్కగా, తర్వాత సన్నటి ధారగా పెట్రోలు వచ్చింది. పొర చిరిగింది. పెట్రోలు బయట పడకుండా దొంగదారిలో ట్యాంకుకే పోతోంది, అందుకే నేల తడవలేదు. ఇంజన్ నడిచేటప్పుడు పంపు అవసరానికి మించి తోస్తుంది కాబట్టి ఆ చిన్న కారడం తెలియదు. ఆపితేనే తెలుస్తుంది. వేడిగా ఉంటేనే బాధిస్తుంది. మూడు గంటలాగితే ఒత్తిడి లేకపోయినా పెట్రోలు చల్లబడి మళ్ళీ ద్రవమవుతుంది, పంపు దాన్ని క్షణాల్లో నొక్కి పెట్టేస్తుంది. నోటుపుస్తకంలో ప్రతి గీతకూ సమాధానం దొరికింది.

నలభై ఏళ్ళు దాటిన రబ్బరు చిరగడంలో ఎవరి తప్పూ లేదు. పైగా ఇప్పటి మన పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. దాన్ని దృష్టిలో పెట్టుకోకుండా తయారైన పాత రబ్బర్లలో కొన్నింటికి అది పడదు. తాతగారు మిగతా రబ్బరు గొట్టాలు కూడా మార్పించేశారు, అదీ మంచిదే.

కొత్త గురిగి రావడానికి నెల పట్టింది. మే నెలంతా సెలవులు. పిల్లల్లో చాలామంది ఊళ్ళకు వెళ్ళిపోయారు, కొందరు వేరే బడుల్లో చేరడానికే వెళ్ళారు. జూన్ మొదటివారం దాన్ని బిగించేనాటికి మేము ఆరుగురం మిగిలాం. మీటరు పెట్టి ఇంజన్ ఆపారు. ముల్లు మూడు దగ్గరికి దిగి ఆగింది. పది నిమిషాలు చూశాం. ఇరవై చూశాం. కరీంనగర్ పిల్లవాడు మీటరు అద్దం మీద వేలితో కొట్టి చూశాడు, ఇరుక్కుపోయిందేమోనని. కదల్లేదు. అల్లుడుగారు ఆ రోజు స్వయంగా వచ్చారు. ఏమీ అనలేదు. కారు కడిగించమని మాత్రం చెప్పి వెళ్ళారు.

జూన్ మూడోవారం ఫోనులో ఒక ఫోటో వచ్చింది, నోటుపుస్తకంలో ఆఖరి పేజీది. దారిలో ఏదో ధాబా దగ్గర రాసినట్టుంది, కాగితం మీద టీ మరక ఉంది. "ఆపింది 1:50. మళ్ళీ తిప్పింది 2:25. ఎండ 44. ఎండగా ఉన్నా ఒక్క సెల్ఫ్. తాతగారు ముందు సీట్లో నిద్రపోతున్నారు, నాన్న నడుపుతున్నారు."